అమృతాంజనం లెక్క

"బ్లాగులో డబ్బులు రావు, బ్లాగు వల్ల వస్తాయి." రాతతోనో గొంతుతోనో బతుకుదామనుకునే కుర్రాళ్లకి ఈమధ్య ఎక్కడపడితే అక్కడ దొరుకుతున్న సలహా ఇది. బ్లాగుని విజిటింగ్ కార్డు అనుకో, పాడ్‌కాస్ట్‌ని కొట్టు ముందు అద్దాల బీరువా అనుకో, అమ్మే సరుకు లోపల వేరే ఉంటుంది అంటారు. ఆ సరుకు ఒక కోర్సో, కన్సల్టింగో, ఉద్యోగమో, సినిమా ఛాన్సో అయ్యుంటుంది.

సలహా అబద్ధం కాదు. తెలుగు వరకూ మరీ నిజం. కూడలిలో రోజూ కొత్త బ్లాగులు కనిపించిన రోజుల్లో, అంటే 2000ల రెండో సగంలో, తెలుగు పేజీకి గూగుల్ యాడ్‌సెన్స్ లేదు. అది తెలుగుకి వచ్చింది 2018లో. అప్పటికి ఆ బ్లాగుల్లో సగం మూతబడ్డాయి, రాసేవాళ్లు ఫేస్‌బుక్‌కి వెళ్లిపోయారు. తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీలకి చోటిచ్చిన కిండిల్ సొంత ప్రచురణ వేదిక తెలుగుని ఏళ్ల తరబడి గుమ్మం బయటే నిలబెట్టింది. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. కథ చదివి వినిపించేవాడికి అది చిన్న గుట్ట కాదు. ముందు తలుపు వేసి ఉంది కాబట్టి దొడ్డిదారి అలవాటైంది. అంతవరకూ ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు.

నా పేచీ దొడ్డిదారితో కాదు. దాన్నే రాజమార్గం అనీ, ముందు తలుపు తట్టేవాణ్ణి చవకబారు మనిషి అనీ అనుకునే మన సాహిత్య లోకంతో.

చూడండి, ఎవరైనా "నా పాడ్‌కాస్ట్ వినాలంటే నెలకి యాభై రూపాయలు" అంటే మనకి ఒళ్లు జలదరిస్తుంది. సరస్వతిని అమ్ముకుంటున్నాడంటాం. అదే మనిషి పదేళ్లు ఊరికే రాసి, ఆ పేరుతో వర్క్‌షాపులు పెట్టుకుని, సాహిత్య ఉత్సవాల వేదికలెక్కి, ఒక వెబ్ సిరీస్‌కి మాటలు రాసే పని సంపాదించుకుంటే, ఎంత నిస్వార్థంగా రాశాడో అంటాం. రెండు చోట్లా డబ్బు వచ్చింది. మొదటివాడు బిల్లు చూపించాడు, రెండోవాడు చూపించలేదు. మనం మెచ్చుకునేది చూపించనివాణ్ణి.

పైగా ఆ పదేళ్ల "ఊరికే" ఖర్చు ఎవరు భరించారు? చాలామంది విషయంలో ఒక సాఫ్ట్‌వేర్ జీతం, ఒక లెక్చరర్ జీతం, లేదా ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం. అది తప్పు కాదు. రాజుకి అంకితం ఇవ్వని పోతన కూడా, మనం చెప్పుకునే కథ ప్రకారం, పొలం దున్నుకునే బతికాడు. ఇచ్చి సుఖపడ్డ శ్రీనాథుడు ఆ రాజులు పోయాక కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లిని గుత్తకి తీసుకుని, వరదకి పంట పోగొట్టుకుని, పన్ను కట్టలేక అవమానపడ్డాడని చాటువులు చెబుతాయి. ఇద్దరి కథల్లోనూ కవిత్వం వెనకాల ఒక పొలం లెక్క ఉంది. పోతనని తలుచుకున్నప్పుడల్లా పద్యం గుర్తుపెట్టుకుని నాగలి మర్చిపోతాం, అదీ మన సుఖం. నాగలి లేనివాడికి "ఊరికే రాయి" అని చెప్పడం అతన్ని రాయొద్దనడమే.

ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. ఊరు గూడూరు. రైళ్లు మారే గూడూరు జంక్షన్ కాదు, బందరు రోడ్డు మీద, పెడన పక్కనున్న గూడూరు. అతనికి రెండు ఆలోచనలున్నాయి. పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాళ్లతో మాట్లాడి పాడ్‌కాస్ట్ చేయాలి. 1977 నవంబరు ఉప్పెన నుంచి బయటపడ్డ దివిసీమ ముసలివాళ్ల గొంతులు, ఉన్నవాళ్లు ఉండగానే, రికార్డు చేయాలి. మైకు కొనాలి, బస్సులెక్కాలి, నాగాయలంక దాకా పోయి రావాలి, వారాల తరబడి ఎడిటింగ్ చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ జీతం లేదు. మన సలహాదారు ఏమంటాడు? "కలంకారీ చీరల కొట్టుతో మాట్లాడుకో, ఎపిసోడ్ కింద లింకు పెట్టు, అమ్మిన చీరకి ఇంత కమిషన్."

బాగానే ఉంది. నాలుగో ఎపిసోడ్‌లో ఏమవుతుంది? బల్ల ముందు నిలబడి రోజంతా అచ్చులు దిగ్గొట్టే మనిషి కూలి ఎంత అని అడగాలి. స్క్రీన్ ప్రింటు గుడ్డని అచ్చు కలంకారీ అని అమ్మేవాళ్ల సంగతి అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ కుర్రాడి నోట్లోనే ఉండిపోతాయి. కొట్టాయన ఫోన్ చేసి బెదిరించనక్కర్లేదు. డబ్బు ఎటునుంచి వస్తోందో తెలిసిన గొంతు తనంతట తనే తగ్గుతుంది. వినేవాడికి ఆ ప్రశ్నలు లేవన్న సంగతి కూడా తెలియదు. పరోక్ష ఆదాయానికి అసలు ధర ఇదీ, అది కట్టేది వినేవాడు. ఇక ఉప్పెన గొంతులకైతే స్పాన్సరే దొరకడు. ఆ ముసలమ్మ మాటల పక్కన ఏ చీర లింకు పెడతాం?

ఈ దారి చివరికి ఎక్కడికి పోతుందో కూడా చూశాం. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లని ప్రచారం చేసినందుకు తెలుగు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు. ఆ వీడియోలు జనానికి ఉచితమే. చూసినవాళ్లు వీడియోకి పైసా కట్టలేదు.

"అయితే పక్క వ్యాపారంతో రాతని నడపడమే పాపమా?" కాదు. దానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. గుడివాడ ప్రాంతంలోని ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి, ఆ తర్వాత ఆంధ్ర గ్రంథమాల. తెలుగు ఆధునిక సాహిత్యంలో ఎంత భాగం భారతి పేజీల్లోంచి వచ్చిందో చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. దాని వెనక ఉన్నది తలనొప్పి మందు.

పంతులుగారి లెక్కకీ ఇవాళ్టి సలహాకీ తేడా ఎక్కడంటే, డబ్బు పారిన దిశలో. అక్కడ మందు సంపాదించింది, రాత ఖర్చుపెట్టింది. ఇక్కడ రాత చాకిరీ చేస్తుంది, మందు సంపాదిస్తుంది. రెండోది, ఆ మందుకి పేరుంది, సీసా ఉంది, యజమాని ఎవరో ఊరందరికీ తెలుసు. భారతిలో వచ్చిన వ్యాసాన్ని ఎవరూ మారువేషంలో ఉన్న అమృతాంజనం అనుకోలేదు. ఇవాళ పుస్తక పరిచయం ఎక్కడ ఆగి ప్రచారం ఎక్కడ మొదలైందో కనిపెట్టడం చదివేవాడి పని అయింది. డబ్బో బహుమతో తీసుకుని ఒక వస్తువుని పొగిడితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వమే మార్గదర్శకాలిచ్చింది. షాంపూకి వర్తించే మర్యాద పుస్తకానికి అక్కర్లేదా?

పాఠకుడి డబ్బు మాత్రం పవిత్రమా అంటారు. కాదు. అతని కులాన్ని, అతని హీరోని పొగుడుతూ కూర్చునే ప్రమాదం ఉంది. కానీ అక్కడ డబ్బిచ్చేవాడూ చదివేవాడూ ఒకడే. తనకి అందుతున్నది పొగడ్తో పనో చూసుకునే అవకాశం అతనికుంది. కమిషన్ దారిలో చదివేవాడు కొనుగోలుదారు కాదు, అమ్ముడుపోయే సరుకు.

లెక్క మరీ అసాధ్యమైనదేం కాదు. మూడువందల మంది నెలకి యాభై చొప్పున ఇస్తే పదిహేను వేలు. గూడూరు కుర్రాడికి బస్సులూ మైకూ ఇంటి ఖర్చులో కొంతా గడుస్తాయి. సెల్లుతో డబ్బు పంపడం కష్టమనే సాకు టీ కొట్టువాడి దగ్గరే చెల్లడం లేదు.

అందుకని రాసేవాళ్లూ మాట్లాడేవాళ్లూ ధర పెట్టండి, సిగ్గుపడకండి. పక్క ఆదాయం ఉంటే అది ఏదో, ఎవరిదో పైనే చెప్పండి. వెబ్ పత్రికలు పారితోషికం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఇవ్వలేకపోతున్నామని చెప్పాలి, దాన్ని సాహిత్య సేవ అని పిలవడం మానాలి. చదివేవాళ్లకి ఒక్క మాట. ఈ నెల మీరు ఊరికే చదివిన, విన్న వాటిలో ఒక్కటి ఎంచుకుని, దాన్ని చేసిన మనిషికి ఒక సినిమా టికెట్ డబ్బులు పంపండి. మీరు కట్టకపోతే బిల్లు మాఫీ కాదు, కట్టడానికి చీరల కొట్టాయన సిద్ధంగా ఉన్నాడు. ఆయన వెనక బెట్టింగ్ యాప్‌వాడూ ఉన్నాడు.