సొమ్ములు పోయాయి, ఇళ్లు వచ్చాయి: చీపురుపల్లి లెక్క

చీపురుపల్లి పేరు చెబితే రాష్ట్రమంతా ముందు గుర్తుకొచ్చేది బొత్స సత్యనారాయణ. ఆ వెంటనే ఫోక్స్‌వ్యాగన్. 2005లో ఆయన పరిశ్రమల మంత్రి. విశాఖలో కార్ల కర్మాగారం వస్తుందని చెప్పి, ప్రభుత్వం వశిష్ఠ వాహన్ అనే సంస్థకు 11 కోట్ల పైచిలుకు కట్టింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని ఫోక్స్‌వ్యాగన్ తేల్చి చెప్పింది. కర్మాగారం చివరికి పుణె దగ్గరి చాకణ్‌కు పోయింది. 'సొమ్ములు పోనాయి, ఏటి సేస్తాం' అన్న మాట బొత్స పేరుతో ఇప్పటికీ జనం నోళ్లలో నానుతోంది. కేసు సీబీఐకి వెళ్లింది. 2019లో కోర్టు ఆయనకు సమన్లు ఇచ్చింది సాక్షిగానే, నిందితుడిగా కాదు. ఈ తేడా మర్చిపోకూడదు.

మరి ఆ కుంభకోణం తర్వాత ఏం జరిగింది? 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ కార్యక్రమం మొదలుపెట్టింది. మూడేళ్లలో ఊరూరా ఇళ్లు, పింఛన్లు, మంచినీళ్లు అని చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో బొబ్బిలి లోక్‌సభ ఉప ఎన్నికలో బొత్స భార్య ఝాన్సీ లక్ష్మి గెలిచారు. 2007లో బొత్సకు పరిశ్రమల శాఖ పోయి గృహనిర్మాణం వచ్చింది.

ఇందిరమ్మ పెట్టిందే ఆ మచ్చ కడుక్కోవడానికి అంటే అది అతి. రాష్ట్రమంతటికీ వేసిన పథకం అది, పేదవాడికి గూడు కావాల్సిందే. కానీ విమర్శలు మోస్తున్న మంత్రిని ఇళ్లు పంచే కుర్చీలో కూర్చోబెట్టడం మాత్రం రాజకీయమే. పరిశ్రమల మంత్రి సంతకం పల్లెలో ఎవరికీ కనబడదు. ఇల్లు మంజూరు కాగితం ప్రతి గడపకీ కనబడుతుంది. 2009లో చీపురుపల్లి మళ్లీ ఆయన్నే గెలిపించింది. అయితే ఆ ఇళ్ల మీదా తర్వాత ఆరోపణలు వచ్చాయి. తెలంగాణలో 2014లో సీఐడీ విచారణకే ఆదేశించారు.

ముస్లిం కుటుంబాలకు ఇందులో సొంత అనుభవం ఒకటుంది. అదే ప్రభుత్వం 2005లో ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టేసింది. 2007లో బీసీ-ఈ కింద 4 శాతం చట్టం వచ్చింది. దాన్నీ 2010లో హైకోర్టు కొట్టేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. బడ్జెట్‌లో పెద్ద పద్దు అక్కర్లేని ఆ సాయమే ఎక్కువ పిల్లల్ని ఇంజినీరింగ్, మెడికల్ సీట్ల దాకా తీసుకెళ్లిందనిపిస్తుంది. పద్దు ఉన్న పథకాల కథ వేరు. దుల్హన్‌నే చూడండి: పెళ్లికి 50 వేలు అన్నారు. 2022లో నిధుల్లేక ఆపామని ప్రభుత్వమే హైకోర్టుకు చెప్పింది. కొన్ని నెలలకే షాదీ తోఫా కింద లక్ష ప్రకటించింది, వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతుతో. జేబులో లేవన్న చేతే రెట్టింపు రాసింది!

అందుకే అసెంబ్లీలో చదివే అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. అది బడ్జెట్ అంచనా. మర్నాటి ఏడాది పత్రాల్లో సవరించిన అంచనా, ఆపై ఏడాది అసలు ఖర్చు వస్తాయి. మైనారిటీ సంక్షేమం పద్దులో ఈ మూడూ పక్కపక్కన పెడితే, ఏ ప్రకటన ఏ గొడవ వేళ వచ్చిందో, ఎంత చేతికందిందో తెలుస్తుంది.

చీపురుపల్లి ఓటరు 2014లో బొత్సను ఓడించి, 2019లో గెలిపించి, 2024లో కిమిడి కళా వెంకటరావు చేతిలో మళ్లీ ఓడించాడు.