ఆడనిస్తే కదా ఆల్‌రౌండర్!

క్రికెట్ పుణ్యమా అని ఆల్‌రౌండర్ అన్న మాట మన వంటింటి దాకా వచ్చేసింది. బ్యాటూ బంతీ రెండూ చేతనైతే ఆల్‌రౌండరే. మరి ఒక్క ఆటతో సరిపెట్టుకోకుండా నాలుగైదు ఆటల్లో ఆరితేరినవాళ్ల సంగతేమిటి? వాళ్లందరిలోకీ గొప్ప ఎవరు? ఈ ప్రశ్న ఏ ఇంట్లో వేసినా వాదన అన్నాలవేళ దాకా సాగుతుంది. మొదట వినిపించే పేరు జిమ్ థోర్ప్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచి, ఆపైన బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ కూడా వృత్తిగా ఆడినవాడు. మనవైపు చూస్తే మద్రాసు తెలుగింటి బిడ్డ సి. రామస్వామి ఉన్నాడు. 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1936లో నలభయ్యో ఏట ఇంగ్లండ్‌లో టెస్టు క్రికెట్ ఆడాడు! ఇద్దరూ గొప్పవాళ్లే. కానీ ఈ జాబితా ఎంత పొడుగు సాగినా అందులో ఒక్క ఆడపేరు వినబడదు, గమనించారా?

నా ఓటు బేబ్ డిడ్రిక్సన్‌కి. "ఆవిడెవరు వదినా?" అన్నాడు మా మరిది. ఆటల పేజీ చదవందే కాఫీ ముట్టని మనిషి!

1911లో టెక్సాస్‌లో, నార్వే నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టింది బేబ్. డాలస్‌లో ఒక బీమా కంపెనీ ఆమెను నెలకు 75 డాలర్ల జీతం మీద స్టెనోగా తీసుకుంది. టైపు కొట్టడం పేరుకే, అసలు పని వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టులో ఆడటం. 1932లో అమెరికా మహిళల జాతీయ అథ్లెటిక్ పోటీలకు ఆ కంపెనీ తన జట్టుగా పంపింది ఆమె ఒక్కదాన్నే. ఎదుట ఇల్లినాయిస్ క్లబ్బు నుంచి 22 మంది. ఒక్క మధ్యాహ్నంలో ఎనిమిది పోటీల్లో దిగింది. అయిదింట్లో తనే మొదటిది, హైజంప్‌లో మొదటి స్థానం ఇంకొకరితో పంచుకుంది. పాయింట్లు లెక్కేస్తే ఆమెకు 30, ఆ 22 మందికీ కలిపి 22. జట్టు కప్పు ఒంటిమనిషి పట్టుకుపోయింది!

కొద్ది రోజుల్లోనే లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్. ఆడవాళ్లు విడిగా మూడు పోటీలకు మించి దిగకూడదన్న నిబంధన అడ్డొచ్చింది. సరే, ఆ మూడింట్లోనే జావెలిన్, 80 మీటర్ల హర్డిల్స్‌కు స్వర్ణాలు తెచ్చుకుంది. హైజంప్‌లో ఆమే, జీన్ షైలీ ఒకే ఎత్తు దూకారు. తల ముందుగా కర్ర దాటిందని, అది దూకే పద్ధతి కాదని చెప్పి బేబ్‌కు రజతంతో సరిపెట్టారు.

పత్రికలు మెచ్చుకున్నాయి, ఎకసెక్కాలూ ఆడాయి. ఇలాంటి ఆడవాళ్లు ఇంట్లో ముస్తాబై ఫోను ఎప్పుడు మోగుతుందా అని కూర్చుంటే మేలని రాసిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఆమె మాత్రం గోల్ఫ్ కర్ర పట్టుకుంది. 1947లో బ్రిటిష్ మహిళల అమెచ్యూర్ టైటిల్ గెలిచిన తొలి అమెరికన్ ఆమే. 1950లో మహిళా గోల్ఫర్ల సంఘాన్ని స్థాపించిన పదమూడు మందిలో తనూ ఒకతె. 1953లో పేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. మలద్వారానికి బదులు పొట్టమీద సంచి పెట్టుకుని బతకాల్సిన పరిస్థితి. మరుసటి ఏడాదే అమెరికన్ ఓపెన్‌లో దిగి 12 స్ట్రోకుల తేడాతో గెలిచింది! 1956లో, నలభై అయిదేళ్లకే కన్నుమూసింది.

జాకీ జాయ్నర్ కెర్సీని ఎలా మర్చిపోతారని అడగొచ్చు. నిజమే, 1988 సియోల్‌లో హెప్టాథ్లాన్‌లో ఆమె సాధించిన 7,291 పాయింట్లను ఇంతవరకు ఎవరూ దాటలేదు. అయినా నా ఓటు మారదు. ఎందుకంటే మగవాళ్లకు డెకాథ్లాన్ 1912లోనే ఉంది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అయిదు పోటీల పెంటాథ్లాన్ వచ్చింది 1964లో, ఏడు పోటీల హెప్టాథ్లాన్ 1984లో. 1928లో ఒకసారి పెట్టిన 800 మీటర్ల పరుగును ఆడవాళ్ల ఒళ్లు తట్టుకోలేదంటూ 1960 దాకా తీసేశారు. థోర్ప్ ఎక్కిన మెట్లు బేబ్‌కు అసలు కట్టనే లేదు. ఇక ఇద్దరినీ ఒకే కొలబద్దతో కొలిచి తక్కువ ఎక్కువలు తేలిస్తే న్యాయమా?

కట్టిన మెట్లు ఎక్కితే ఎలా ఉంటుందో మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని చూపించింది. టీ అమ్ముకునే నాన్న, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. మొదట హర్డిల్స్ పరుగెత్తేది, తర్వాత హెప్టాథ్లాన్‌కు మారింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యం, 2025లో ఆసియా అథ్లెటిక్స్‌లో స్వర్ణం. పరుగూ, దూకుడూ, విసురూ అన్నీ నేర్పే గురువూ, మైదానమూ దొరికాయి కాబట్టి కదా!

మన ఇళ్లల్లో ఏం జరుగుతోంది? ఎనిమిదో తరగతి దాకా ఖోఖో, కబడ్డీ, పరుగుపందెం అన్నిట్లో ముందుండే పిల్ల, తొమ్మిదిలోకి రాగానే ఇంటికే పరిమితం. ఎండకు నల్లబడుతుందని అత్తయ్యలు, మార్కులు పోతాయని నాన్నలు, చున్నీ నిలవదని మనం. డ్రిల్లు పీరియడు ఎలాగూ లెక్కల మేష్టారు లాగేసుకుంటారు. ఈ సారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల చీటీ తర్వాత ఇంకో రెండు ముక్కలు అడగండి. పదో తరగతి ఆడపిల్లలకు ఆటల పీరియడు వారానికి ఎన్ని, అందులో వాళ్లు నిజంగా మైదానంలో ఉండేది ఎన్ని నిమిషాలు అని.