మీటల విద్య మనవారికి తగదా?

పల్లెటూరి పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పవలెనని నేడు చెప్పనివారు లేరు. ఎట్టి కంప్యూటరు విద్య నేర్పవలెనని అడిగినచో మాత్రము మన పెద్దలలో పెక్కండ్రు తడబడుదురు. తెరమీది బొమ్మపై మౌసుతో నొక్కుట, పట్టీలోనుండి ఒక మాటను ఏరుకొనుట, కాగితముపై అచ్చు తీయుట, ఇంతవఱకు వచ్చిన చాలునని వారి యభిప్రాయము. అంతకు మించినది, అనగా మౌసు ముట్టకుండ మీటలతోడనే ఆజ్ఞలిచ్చి వ్రాతను నడపు విద్య, నగరములలోని ఇంజనీర్ల సొత్తనియు, అందును మగపిల్లల సొత్తనియు, ఆలూరువంటి మెట్టసీమ బిడ్డలకు అది మెడకు గుదిబండ యగుననియు వాదించుచున్నారు. ఈ వాదమును మేము అంగీకరింపజాలము.

ఆలూరు ఎట్టి సీమయో చదువరులలో కొందఱెఱుగకపోవచ్చును. ఆదవానికిని గుంతకల్లునకును బళ్లారికిని నడుమ నున్న వానపంటల భూమి యది. 1953 వఱకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినది. వానలు తప్పిన యేడు కుటుంబములకు కుటుంబములే మూటలు కట్టుకొని గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు తరలుచున్నవి. వారి వెంట బడి మాని పిల్లలును పోవుచున్నారు. ఇట్టి యిండ్లలో పుట్టియు చదువు వదలక నిలిచిన పిల్లలు కొందఱు పదవ తరగతి మార్కుల బలముచే, 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు, అనగా కడప జిల్లా ఇడుపులపాయకు, చేరుకొందురు. మఱికొందఱు ఏదో యొక ఇంజనీరింగు కళాశాలలో చేరుదురు. చదువు ముగించి బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగమున చేరిన తొలి వారముననే వారి యెదుట ఒక నల్లని తెర నిలుచును. దానిపై బొమ్మ లేదు, పట్టీ లేదు, మౌసు పనిచేయదు. ఎక్కడనో దూరముననున్న యంత్రములోని ఒక ఫైలులో ఒక్క పంక్తి దిద్దవలెను. ప్రక్కనున్న నగరపు పిల్లవాడు నాలుగు మీటలు తట్టి లేచిపోవును. మనవాడు సిగ్గుతో చెమటలు పట్టి కూర్చుండును. ఆ సిగ్గునకు కారణము వాని బుద్ధిమాంద్యమా, లేక వానికి ఇంతే చాలునని తీర్పు చెప్పిన మన ఔదార్యమా?

మేము చెప్పుచున్న సాధనము విమ్ అను ఎడిటరు. దీని పుట్టుక కొంచెము తెలిసికొనదగినది. 1969లో కెన్ థాంప్సన్ 'ఎడ్' అను ఎడిటరును వ్రాసెను. అది కాగితముపై అచ్చు కొట్టు టెలిటైపు యంత్రముల కాలపుది. వ్రాతను చూపుటకైనను అడిగి చూపించుకొనవలసినదే. లండనులో జార్జి కౌలోరిస్ అను ఉపాధ్యాయుడు దానితో విసిగి, తెరపై చూచుచు దిద్దుటకు మఱియొకటి చేసి, దానికి 'మానవమాత్రుల ఎడిటరు' అని పేరిడెను! 1976లో కాలిఫోర్నియాలోని బెర్క్లీలో బిల్ జాయ్ అను విద్యార్థి దానిని చూచి, 'వీ-ఐ' అను దానిని నిర్మించెను. దానిని పెంచి నెదర్లాండ్సు దేశీయుడగు బ్రామ్ మూలెనార్ 1991లో లోకమునకు ఉచితముగా నిచ్చినదే విమ్. తనకు ధనము పంపదలచినవారిని ఉగాండా దేశపు అనాథబాలల సహాయనిధికి పంపుడని ఆయన కోరెను. 2023లో ఆయన మరణించిన పిదప స్వచ్ఛందసేవకులే దానిని పోషించుచున్నారు.

ఇక మనవారి ఆక్షేపణలు. ఇది పాతకాలపు మూట, నేటివారి కెందుకు అనునది మొదటిది. పాతది యగుటకు కారణమేమో విచారింతము. బిల్ జాయ్ పనిచేసినది టెలిఫోను తీగమీద సెకనునకు 300 బిట్లు పంపు మోడెముతో. అనగా సెకనునకు సుమారు 30 అక్షరములు. పంక్తికి 80 అక్షరముల చొప్పున 24 పంక్తులుగల తెర ఒకసారి నిండుటకు నిమిషము దాటును. కావున ఆయన ప్రతి యాజ్ఞను ఒకటి రెండక్షరములకు కుదించెను. తెరను తిరిగి గీయుటలో పిసినారితనము చూపెను. ఆ పిసినారితనమే నేడు మన పల్లెలకు వరమైనది. సిగ్నలు సన్నగిలిన చోటనుండి దూరపు యంత్రమును నడపువానికి, పాతబడిన కంప్యూటరు మాత్రమే కొనగల యింటికి, ఇంతకంటె అనువైన సాధనమేది? కంప్యూటరే లేనివారు ఫోనులో టెర్మక్స్ అను ఉచితపు టెర్మినలును పెట్టి, దానికి తీగతో ఒక చిన్న కీబోర్డు తగిలించినను విమ్ నడచును. కరెంటు పోవుటను గూర్చి మెట్టసీమవారికి మేము చెప్పనక్కఱలేదు. విమ్ 200 అక్షరములు కొట్టినంతనే, లేదా 4 సెకనులు చేయి ఊరకున్నంతనే, వ్రాసినదానిని ప్రక్కనొక మాఱుఫైలులో దాచిపెట్టును. దీపము తిరిగి వచ్చిన పిమ్మట దానిని పిలిచి వ్రాతను రాబట్టుకొనవచ్చును. పాతదియని తోసివేయువారు ఈ యొక్క గుణమునైన ఎఱిగి మాటలాడిరా?

రెండవ యాక్షేపణ, ఇది మిక్కిలి కఠినమని. కఠినమే, దాచుట యెందుకు? తొలివారము వ్రాతవేగము తగ్గును, విసుగు పుట్టును. ముఖ్యముగా అందఱును తొట్రుపడునది దీనియందలి రెండు స్థితులవలన. ఒక స్థితిలో మీట కొట్టినచో అక్షరము పడును. మఱియొక స్థితిలో అదే మీట ఆజ్ఞయగును. 'ఐ' కొట్టి వ్రాతస్థితికి పోవలెను, 'ఎస్కేపు' కొట్టి ఆజ్ఞాస్థితికి మరలవలెను. ఒకే మీటకు రెండర్థములా యని నగరపు ఉపాధ్యాయులు తలపట్టుకొందురు. ఆలూరు పిల్లకు ఇది వింతయా? ఆ పిల్ల యింటిలో తెలుగు మాటలాడును. తండ్రి వెంట బళ్లారి సంతకు పోయినప్పుడు కన్నడమాడును. ఏ వాకిట ఏ మాట చెల్లునో ఎవ్వరును వ్యాకరణము చెప్పి నేర్పలేదు. ఆ కాడెద్దులే గొర్రు కట్టిన విత్తనము వేయును, గుంటక కట్టిన కలుపు తీయును. ఇట్టి యిండ్లలో పెరిగినవారికి స్థితిభేదము బోధపడదనుట వారిని ఎఱుగనివారి మాట.

ఆజ్ఞాస్థితిలోని భాష మాత్రము ముచ్చటైనది. 'డి' యనగా తుడుపు. 'డబ్ల్యు' యనగా పదము. రెండును కలిపిన పదమును తుడుపుమని వాక్యము. ముందు 3 చేర్చిన మూడు పదములు పోవును. 'సి' యనగా మార్చుము. దానికి ప్రక్కన అదే 'డబ్ల్యు' చేర్చిన పదమును మార్చుమని. క్రియ ముందు, కర్మ వెనుక. మన తెలుగు వాక్యమునకు తలక్రిందు, అంతియే. పది క్రియలును పది కర్మలును వచ్చినవానికి నూఱు వాక్యములు వచ్చినట్లే. చేసిన పనిని మరల చేయుటకు ఒక చుక్క చాలును. తప్పు చేసినచో 'యు' కొట్టిన వెనుకకు వచ్చును. విమ్‌తో కూడ వచ్చు పాఠమును సుమారు అరగంటలో ముగింపవచ్చును. తరువాతిది చేతి యభ్యాసము.

ఆడపిల్లల కెందుకను మాట మాకు మిక్కిలి కష్టము కలిగించుచున్నది. మన రాయలసీమ పట్టణములలో టైపు నేర్పు సంస్థలు దశాబ్దములు నడచినవి. మీటలవైపు చూడకుండ పదివ్రేళ్లతో కొట్టుటను ఎందఱో బాలికలు అక్కడ నేర్చి, లోయరు హైయరు పరీక్షలలో తేరి, కచ్చేరీలలో ఉద్యోగములు చేసిరి. అప్పుడు మీటలు స్త్రీలకు తగినవని మన పెద్దలే పలికిరి. పైవాడు చెప్పినదానిని కొట్టుటకు తగిన వ్రేళ్లు, స్వయముగా ఆజ్ఞ నిచ్చుటకు తగకపోయెనా? గుమాస్తాజీతము వచ్చునంతవఱకు అది గౌరవమైన విద్య. యంత్రములను ఏలు పెద్దజీతము వచ్చుననగానే అది మగవాని విద్య! ఈ తర్కమును కొంచెము గీచి చూచిన లోపల పాతవ్యాధియే కనబడును. నిజమునకు టైపు నేర్చిన తల్లిగల యింటి పిల్లకు ఈ విద్యలో సగము దారి తల్లియే నడిపింపగలదు. ఏలయన విమ్ చేతులను మీటల నడిమి వరుసనుండి కదలనీయదు. కర్సరును జరుపుటకు సయితము 'హెచ్', 'జె', 'కె', 'ఎల్' అను అక్షరములే. జాయ్ వాడిన టెర్మినలులో ఆ మీటలపైననే బాణపు గుర్తులు చెక్కియుండెను.

ఎదుటి పక్షముననే కాక మా పక్షమున నిలిచినవారిలోను కొందఱను మందలింపక తప్పదు. ఈ విద్య వచ్చినవారిలో ఒక తెగ బయలుదేఱినది. విమ్ రానివాడు ప్రోగ్రామరే కాడందురు. 'నానో' వంటి సులభపు ఎడిటరు వాడువానిని చూచి నవ్వుదురు. 1976లోనే పుట్టిన ఈమాక్స్ అను మఱియొక ఎడిటరు వారితో శైవవైష్ణవులవలె తగవులాడుదురు. క్రొత్తవాడు సందేహమడిగిన, పుస్తకము చూచుకొమ్మని విదిలింతురు. మంత్రమును చెవిలో చెప్పి, గోప్యమని ఒట్టు పెట్టించుకొన్న వెనుకటివారికిని వీరికిని భేదమేమి? ఒకరు మీకిది రాదందురు, ఒకరు మీకిది చెప్పమందురు. ఆలూరు పిల్లకు ఇరువురివలనను కలుగు ఫలమొక్కటే. నానోతో పని జరుగునెడల నానోయే వాడుడని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. ఏది వాడవలయునో ఏరుకొను స్వాతంత్ర్యము పిల్లకుండవలెను, అంతియే మా కోరిక.

ఇన్నింటికంటె బలమైన యాక్షేపణ యొకటి కలదు, దానిని ఎవ్వరును ఎత్తుట లేదు. అది మన లిపిని గూర్చినది. టెర్మినలు తెర గళ్లకాగితము వంటిది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరము. ఇంగ్లీషునకు సరిపోయినది. మన వత్తులును గుడులును గడిలో ఇముడునా? 'స్త్రీ' అను మాట కంటికి ఒకే యక్షరము. యూనికోడులో అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి యని ఆఱు సంకేతములు. ఫైలులో 18 బైట్లు. పెక్కు టెర్మినళ్లలో ఆ యాఱును విడివిడిగా చెదరి, వత్తు ఒకచోటను గుడి యొకచోటను పడును. పైగా తెలుగు కీబోర్డు పెట్టియుండగా ఎస్కేపు కొట్టి 'డి' కొట్టబోయిన, ఆజ్ఞకు బదులు తెలుగక్షరము పోయి విమ్ దిగ్భ్రమ చెందును. 1991లోనే యూనికోడు మొదటి కూర్పున తెలుగునకు చోటు దొరికినను, తెరమీద మర్యాద నేటికిని సగమే దొరికినది.

దీనికి విరుగుడు లేకపోలేదు. విమ్‌లో 'కీమ్యాపు' అను అమరిక కలదు. అది వ్రాతస్థితిలో మాత్రమే అక్షరములను మార్చి, ఆజ్ఞాస్థితిని ముట్టదు. ఏ మీటకు ఏ యక్షరమో చూపు పట్టికను మన పిల్లలే వ్రాసికొనవచ్చును. తెలుగు వ్రాతయే ముఖ్యమైనవారికి ఈమాక్స్ మేలు. 2020లో వెలువడిన 27వ కూర్పునుండి అది తన సొంతకిటికీలో హార్ఫ్‌బజ్ అను సాధనమువలన వత్తులను చక్కగా కూర్చుచున్నది. విమ్‌నే తెలుగునకును వాడుడని వాదించు మిత్రుల మాట మాకు నచ్చదు. యంత్రపు పనికి విమ్, తెలుగు రచనకు వేఱొకటి యనుటలో అవమానమేమున్నది?

అయినను తెలుగు గ్రంథములకు సైతము ఈ విద్యవలని యుపకారము కొంచెము కాదు. కడపలో సి. పి. బ్రౌన్ దొర పండితులకు జీతములిచ్చి, ఒకే కావ్యపు తాటాకు ప్రతులను పెక్కింటిని సేకరించి, ప్రక్కప్రక్కన నుంచి పాఠభేదములు గుర్తింపించి శుద్ధప్రతులు వ్రాయించెను. నేడు మన పాతపుస్తకములను యంత్రముచేత చదివించినచో అది పోలికగల అక్షరములను తాఱుమాఱు చేయుచున్నది. ఒకే తప్పు మూడువందల పుటలలో మూడువందల సారులు పడుచున్నది. మౌసుతో వెదకి దిద్దువాడు వారము కూర్చుండవలెను. 'ఎస్' అను నొక్క ఆజ్ఞచే విమ్ అన్నిటిని క్షణములో మార్చును. ఒక్కొక్కచోట అడిగి మార్చుమన్న అట్లును చేయును. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన తెఱచి భేదములకు రంగు పూయుటకు 'విమ్‌డిఫ్' కలదు. తెలుగు వికీసోర్సులో అచ్చుతప్పులు దిద్దుచున్న గృహిణులును విశ్రాంత ఉపాధ్యాయులును దీనిని ఒకసారి పరీక్షింతురుగాక.

కావలసినదెల్ల నూఱు పుటలు మించని తెలుగు పుస్తకము, ఆలూరు ఉన్నత పాఠశాలవంటి ప్రతి బడియందును మౌసు లేకుండ పనిచేయు గంట వారమున కొకటి. ఆ పుస్తకమును వ్రాయువారు మొదటి పుటలో విమ్ మహిమను వర్ణింపక, బయటకు వచ్చు త్రోవ చెప్పవలెను. తొలిసారి లోపల చిక్కుకొని, యంత్రమునే ఆర్పివేసినవారు ప్రపంచమంతట గలరు. ఎస్కేపు, కోలన్, 'క్యూ', ఆశ్చర్యార్థకము, ఎంటరు: దిద్దినది దాచకుండ వెలికి వచ్చుటకు ఇది. దాచి వచ్చుటకు 'క్యూ'కు ముందు 'డబ్ల్యు' చేర్చి, ఆశ్చర్యార్థకమును మానవలెను.