దువాతో పాటు దవా కూడా

ఆ మధ్య సూర్యాపేటలో ఒక షాదీకి పోయినం. దస్తర్‌ఖాన్ మీద ఒకాయన పదహారేళ్ల కొడుకును చూపించి అందరి ముందే అన్నడు: "వీడు ఒట్టి కామ్‌చోర్. ఇంటర్ మాన్పించి మెకానిక్ షెడ్డుల పెడుతున్న." పిల్లగాడు తల వంచుకొని బిర్యానీ కెలుకుతున్నడు. నాకు ముద్ద దిగలే. ఇదే మాట కోదాడలో విన్న, మిర్యాలగూడలో విన్న.

వాడికేముందో నేను చెప్పలేను, నేను డాక్టర్‌ను కాను. వాడి పరేషానీ ఏందని ఒక్కరూ అడగలేదన్నదే నా బాధ.

ఏడీహెచ్‌డీ అంటే ఒక్కచోట కూర్చోని చిన్న పిల్లల జబ్బు అనుకుంటం. పెద్దయితే అదే పోతదంటం. పరిశోధనలు వేరే చెబుతున్నయి. అమెరికాలో 1990లలో 579 మంది పిల్లలతో మొదలైన అధ్యయనం వాళ్లను 16 ఏళ్లు వెంబడించింది. పూర్తిగా బయటపడి అట్లనే నిలిచినోళ్లు పదిమందిలో దాదాపు ఒక్కరే అని 2022లో తేల్చిన్రు. చాలామందిలో అది తగ్గుతది, మళ్లీ తిరిగొస్తది. ప్రపంచ నిపుణులు 2021లో చెప్పిన లెక్క ప్రకారం పిల్లలు, నవయువకుల్లో వందకు ఆరుగురికి, పెద్దల్లో వందకు ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటది.

వయసు పెరిగితే దాని సూరత్ మారుతది. ఎగరడం, దుంకడం తగ్గి దిమాగ్ లోపల బేచైనీ మిగులుతది. చెప్పిన పని మరుపు, పైసలు నిలవకపోవడం, ఉత్తగనే గుస్సా, పొద్దుకో నౌకరీ. ఆడపిల్లల్లో అయితే బయటికి కనబడదు. క్లాసులో చప్పుడు చేయకుండా కిటికీలోంచి చూసే పిల్లను ఎవరు పట్టించుకుంటరు? అదే పిల్ల నిఖా అయినంక పొయ్యి మీద పాలు మరిచిపోతే సాస్ నోట "లాపర్వా బహూ" అయితది. ఆ మాట ఎన్ని ఘర్‌లను ఖరాబ్ చేస్తదో మనకు తెల్వంది కాదు.

ఇది తర్బియత్ లోపం కాదు. 2007లో అమెరికా పరిశోధకులు ఈ పిల్లల దిమాగ్ స్కాన్‌లు చూస్తే, మెదడు పైపొర ఎదుగుదల సగటున మూడేళ్లు వెనక ఉంది. జుడువా పిల్లల మీద అధ్యయనాలు ఇందులో వారసత్వం పాత్ర దాదాపు 74 శాతమంటయి. అంటే కొడుకును తిట్టే అబ్బా ఒకసారి తన జవానీ కూడా యాది చేసుకోవాలె.

ఇలాజ్ ఉంది. స్వీడన్‌లో 2014లో వచ్చిన అధ్యయనంలో, మందు వాడిన కాలంలో మగవాళ్లకు రోడ్డు ప్రమాదాలు సగానికి పైగా తక్కువగా కనిపించినయి. హైదరాబాద్–విజయవాడ హైవే మీద మన పిల్లలు బైకులు ఉరికిచ్చే తీరు చూసినోళ్లకు ఈ ముచ్చట విలువ తెలుస్తది.

జాన్‌పహాడ్ దర్గాకు పోవద్దు, తావీజు కట్టొద్దు అని నేను జగడా పెట్టుకోను. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇలాజ్ చేయించుకొమ్మనే చెప్పిన్రు. దువా చేసిన చేయితోనే దవా కూడా అందుకోవాలె.

అట్లని చదువు రాని ప్రతి పిల్లగానికీ ఇదే అనుకోవద్దు. నిద్ర, సెల్‌ఫోన్, కంటిచూపు, ఇంట్ల కొట్లాటలు, గరీబీ, ఏదైనా కావొచ్చు. దీనికి రక్తపరీక్ష లేదు. పన్నెండేళ్ల లోపే లక్షణాలున్నయా అని డాక్టర్ చిన్ననాటి నుంచి అడిగి తెలుసుకుంటడు. మందులు డాక్టర్ రాస్తేనే వాడాలె. ఎవరో చెప్పిన్రని కొని మింగొద్దు.

సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలున్నయి. కోదాడోళ్లు సూర్యాపేటకు, మిర్యాలగూడోళ్లు నల్లగొండకు పోయి మానసిక వైద్య విభాగం ఏడుందో అడగొచ్చు. పోనీకి షరమైతే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక్క గుజారిష్: ఒక జుమా బయాన్‌లో ఇమామ్ సాబ్ ఈ సంగతి చెప్పేటట్టు చూడండి. పిల్లల అబ్బాలకు ఇంకొకటి: చదువు మాన్పించే ముందు ఒక్కరోజు కామ్ ఇడిసిపెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకపోండి. షెడ్డు యాడికీ పోదు. ఇంటర్ పోతే మళ్లీ రాదు.