దివాలా చట్టము – చిన్న వర్తకుని యిల్లు

“ఐ.పి. పెట్టినాడు” అను మాట మన పట్టణములలో దొంగతనముతో సమానమైన నింద. ఆస్తిని బంధువుల పేర వ్రాసి కోర్టు కెక్కినవానికి ఆ నింద తగియే యున్నది. కాని ధరలు పడిపోయి, బాకీలు వసూలు గాక చితికిన నిజాయితీపరునకును అదే మాట, అదే గతి. ఈ యిరువురకు భేదము గనలేని చోట వర్తకము వర్ధిల్లదు.

అమెరికా సంగతి చూడుడు. అప్పులవారు ముట్టరాని యింటి విలువ యెంతయో అచట ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క రీతిగ నిర్ణయించుకొన్నది. టెక్సాసు స్వతంత్ర రాజ్యముగ నున్న 1839లోనే నివాసగృహమునకు రక్షణ కల్పించినది. టెక్సాసు, ఫ్లారిడాలలో స్థలమునకు మితి గలదు గాని యింటి విలువకు లేదు. ఇట్టి రాష్ట్రములలో కుటుంబములు స్వంత వ్యాపారము గలిగియుండుట, తక్కువ రక్షణ గల రాష్ట్రములకంటె 35 శాతము అధికమని ఫాన్, వైట్ అను ఆర్థికవేత్తలు 2003లో ప్రకటించిరి. ఇల్లు నిలుచునను ధైర్యమున్నగాని మనుష్యుడు క్రొత్త వ్యాపారమునకు దిగడు.

దీనికి రెండవ ప్రక్కయు గలదు. అట్టి చోట్ల చిన్న సంస్థలకు అప్పు పుట్టుట కష్టమని తరువాతి పరిశోధనలో తేలినది. రక్షణ గల రాష్ట్రమునకు తరలిపోయి ఆస్తిని దాచు నుపాయమునకు 2005 నాటి శాసనము అడ్డుకట్ట వేసినది: వేరు రాష్ట్రమునుండి వచ్చి, దివాలాకు ముందు 1,215 దినములలోపల కొన్న యింటికి నిర్ణీత మొత్తమును మించిన రక్షణ లేదు. దయయు, జాగ్రత్తయు ఒక్క చట్టమున ఇముడునని దీనివలన స్పష్టము.

మన దేశమున నెట్లున్నది? వ్యక్తుల దివాలాకు చెన్నపట్టణము, బొంబాయి, కలకత్తాలకు 1909 నాటి చట్టమును, తక్కిన తావులకు 1920 నాటి చట్టమును పరప్రభుత్వము చేసిపెట్టినవి. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను కర్షకుని యింటిని, కూలివాని యింటిని, పనివాని పనిముట్లను జప్తునుండి తప్పించినది. వర్తకుని యిల్లు అందు లేదు. 2016లో మన పార్లమెంటు క్రొత్త దివాలా స్మృతిని చేసి, తాకట్టు లేని నివాసగృహ మొక్కటి నియమిత విలువవరకు వ్యక్తికి మిగులునట్లు వ్రాసినది. కంపెనీల దివాలాకు అది ఆ డిసెంబరు 1ననే అమలయ్యెను. వ్యక్తుల భాగమో, 2019 డిసెంబరు 1న కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే తెరువబడెను. కిరాణా వర్తకుడును, మగ్గముల యజమానియు, చిన్న యచ్చుకూటమువాడును వాకిటనే నిలిచిపోయిరి.

పెద్దలకు మొదట, పేదలకు తరువాత నను పద్ధతి స్వరాజ్యమునకు తగదు. పార్లమెంటు వ్రాసిన రక్షణను చిన్న వర్తకునకు అందజేయవలెను. ఆస్తి దాచినవానిని కఠినముగ శిక్షింపవలెను. ఊరూర నున్న వర్తక సంఘములు పన్నులకై చేయు అర్జీలతోపాటు దీనికై కూడ అర్జీ పంపుట మంచిది. ఒకసారి పడిన నిజాయితీపరుడు తిరిగి కొట్టు తెరచినపుడే అప్పిచ్చినవానికిని ఆశ, ఊరికిని లాభము.