పగడాల తొట్టికి మంచినీళ్ళు

ఇంట్లో పగడాలు పెంచుతున్నానని చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నల్లపూసల్లో గుచ్చుకుంటామే, అవేనా?" అని. అవి కావమ్మా, అవి మధ్యధరా సముద్రంలో దొరికే ఎర్ర పగడాలు, ఇవి ప్రాణంతో ఉండి దీపం వెలుగులో పెరిగేవి అని ఫోన్లో ఓ పది నిముషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా విని రెండో ప్రశ్న వేసింది. "మరి వాటికి నీళ్ళెక్కణ్ణించి తెస్తున్నావురా?"

అసలు ప్రశ్న ఇదే. సముద్రపు చేపల్నీ పగడాల్నీ పెంచేవాళ్ళు ఇద్దరు ఒకచోట చేరితే పావుగంటలో ఈ తగువు మొదలవుతుంది. కుళాయి నీళ్ళలో ఉప్పు కలిపి పోస్తే చాలదా, శుద్ధి చేసిన నీళ్ళే కావాలా? ఇద్దరూ గెలవరు, ఎవరి తొట్టి వాళ్ళకి గొప్ప.

నేనుండేది సౌదీలో, హుఫూఫ్‌లో. ఈ ఊరి మటుకు నా జవాబు సూటిగా చెప్తాను. కావాలి, వేరే దారి లేదు. కాకపోతే ఎందుకు కావాలో మామూలుగా చెప్పే కారణం తప్పు. ఇంకో సంగతేమిటంటే, ఆ నీళ్ళ ఖరీదు మనలో ఎక్కువమంది పూర్తిగా లెక్కెయ్యరు. నేనూ చాలా రోజులు వెయ్యలేదు.

ముందు కారణం సంగతి. పగడాలు సున్నితమైనవి కాబట్టి వాటికి స్వచ్ఛమైన నీళ్ళు కావాలంటారు. సముద్రపు నీళ్ళు స్వచ్ఛమైనవని ఎవరు చెప్పారండీ? లీటరుకి దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో కాల్షియం 400 మిల్లీగ్రాముల పైమాటే, మెగ్నీషియం 1300 దగ్గర, సల్ఫేటు 2700 దగ్గర. ఫ్లోరైడు కూడా సుమారు 1.3 మిల్లీగ్రాములు ఉంటుంది. మన దేశపు తాగునీటి ప్రమాణాల్లో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. అంటే మనం మొహం చిట్లించే నీళ్ళలోనే పగడం హాయిగా ఉంటుంది.

పగడానికి కావలసింది స్వచ్ఛమైన నీళ్ళు కాదు, లెక్క తెలిసిన నీళ్ళు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది. వేరియబుల్‌ని సున్నా చెయ్యకుండా కూడిక మొదలుపెడితే ఏమవుతుంది? లోపల అంతకుముందున్న చెత్త కూడా కలిసిపోయి, జవాబు తప్పొస్తుంది. పైగా ప్రతిసారీ ఒకే తప్పు రాదు. తొట్టి కోసం అమ్మే సముద్రపు ఉప్పు ఏ పాళ్ళలో కలపాలో లెక్కగట్టినవాడు మన నీళ్ళు సున్నా దగ్గర మొదలవుతాయనే అనుకున్నాడు. ఆర్వో మిషను చేసే పని మన నీళ్ళని ఆ సున్నా దగ్గరికి తీసుకురావడమే.

మా కుళాయి నీళ్ళలో టీడీయస్ మీటరు ముంచితే 1100 చూపిస్తుంది. లీటరు నీళ్ళలో కరిగి ఉన్న పదార్థాలన్నీ కలిపి 1100 మిల్లీగ్రాములన్నమాట. ఈ ఊళ్ళో నేల అడుగునుంచి తోడిన నీళ్ళూ, సముద్రపు ఒడ్డున ఉప్పు తీసి పంపిన నీళ్ళూ రెండూ ఉన్నాయి. మన కుళాయిలోకి ఏ రోజు ఏది ఎంత వస్తుందో మనకి తెలీదు.

"35 గ్రాముల ఉప్పున్న చోట ఇంకో గ్రాము ఎక్కువైతే కొంప మునుగుతుందా?" అని అడగొచ్చు. నేనూ అదే అడిగాను. ఆ ఒక్క గ్రాముతో మునగదు. ముంచేది ఆవిరి. ఎడారి గాలి, దానికి తోడు రాత్రీ పగలూ ఏసీ. నా 200 లీటర్ల తొట్టిలోంచి రోజుకి 3 లీటర్లు గాల్లో కలిసిపోతాయి. ఆవిరయ్యేది ఒట్టి నీరే, ఉప్పంతా తొట్టిలోనే ఉండిపోతుంది. ఆ లోటుని కుళాయి నీళ్ళతో పూడిస్తే రోజుకి 3.3 గ్రాముల చొప్పున ఏడాదికి 1.2 కిలోలు. 200 లీటర్లలో అది లీటరుకి 6 గ్రాములు. వారం వారం కొంత నీరు తీసి కొత్తది పోస్తే ఇంత పేరుకోదు, నిజమే. కానీ అలా పోసే కొత్త నీళ్ళు కూడా అదే కుళాయివైతే, బాకీ తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు.

ఇందులో మోసం ఇంకోటుంది. ఉప్పు కొలిచే సాధనానికి ఏ ఉప్పో తెలీదు, ఎంతో మాత్రమే తెలుసు. కాబట్టి అంకె పెరగ్గానే మనం సముద్రపు ఉప్పు వెయ్యడం తగ్గిస్తాం. అంకె మళ్ళీ 35కి వస్తుంది, మనకి నిద్ర పడుతుంది. లోపల మాత్రం పాళ్ళు మారిపోతూ ఉంటాయి. వాటితో పాటు నైట్రేటు, సిలికా లాంటివి వచ్చి చేరతాయి. ఉష్ణమండలపు సముద్రాల పైనీళ్ళలో ఇవి అతి తక్కువ. తొట్టిలో ఇవి చేరితే సంతోషించేది నాచు.

నా మొదటి తొట్టి అలాగే పోయింది. కుళాయి నీళ్ళు పట్టి, క్లోరిన్ పోవడానికి హైపో వేసి, ఉప్పు కలిపి పోశాను. మూడో వారంలో గోధుమరంగు పొర వచ్చింది. కొత్త తొట్టిలో అది మామూలేనన్నారు, నిజంగా మామూలే. కానీ నాలుగు నెలలైనా పోలేదు, దాని మీద పచ్చటి వెంట్రుకల నాచు కూడా పట్టింది. పిడికిలి ముడుస్తూ తెరుస్తూ ఉండే జీనియా అనే మెత్తటి పగడం ఒకటి ఉండేది. ఆఫీసునుంచి రాగానే దాని ముందు కూర్చునేవాణ్ణి. ఓ రోజు ముడవడం మానేసింది. వారంలో కరిగిపోయింది. హైపో తీసేది క్లోరిన్‌ని మాత్రమేనని, కరిగిన లవణాల జోలికి వెళ్ళదని నాకు ముందే తెలుసు. తెలిసినా లెక్క వేసుకోలేదు.

కాచి చల్లార్చి పొయ్యొచ్చుగా అన్నవాళ్ళున్నారు. కాస్తే కొంత సున్నం గిన్నె అడుక్కి దిగుతుంది. మిగతా లవణాలు పోవు సరికదా, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడతాయి.

సియాటిల్లో ఉన్న మన మిత్రులు మాత్రం కుళాయి నీళ్ళతోనే లక్షణంగా నడుపుతున్నామంటారు. అబద్ధం కాదు. వాళ్ళకొచ్చేవి సీడర్, టోల్ట్ నదుల నీళ్ళు. కొండల మీద వానా మంచూ కరిగి వచ్చే మెత్తటి నీళ్ళు, అసలే సున్నాకి దగ్గర. అక్కడ శుద్ధి అనవసరమని వాదిస్తే నేను ఎదురు చెప్పను. వాళ్ళ అనుభవాన్ని తెచ్చి హుఫూఫ్‌లో పొయ్యమంటేనే ఒప్పుకోను. అసలు 'అవసరమా?' అన్న ప్రశ్నకి ఊరి పేరు చెప్పకుండా జవాబు లేదు.

గంట ప్రయాణంలో ఉకైర్ దగ్గర సముద్రం ఉంది కదా, డబ్బాలతో తెచ్చుకుంటే పోలా? అదీ ఆలోచించాను. గల్ఫు నీళ్ళు మామూలు సముద్రం కన్నా ఉప్పన. 40కి పైన మొదలై, సల్వా అఖాతం వైపు 50 కూడా దాటుతుంది. 45 ఉన్న నీళ్ళని 35కి దించాలంటే ప్రతి 100 లీటర్లలో 22 లీటర్లు ఉప్పులేని నీళ్ళుండాలి. అంటే ఊరికే దొరికే సముద్రానికి కూడా మళ్ళీ శుద్ధి చేసిన నీళ్ళే కావాలి! ఇక్కడ వీధివీధికీ శుద్ధి నీళ్ళమ్మే కొట్లున్నాయి. కొన్నాళ్ళు అక్కడ పట్టుకున్నాను. ఒక కొట్లో ఓ రోజు మీటరు 90 చూపించింది, రెండు నెలల తర్వాత అక్కడే 240. తాగడానికి రెండూ మంచివే. నాక్కావలసిన 'లెక్క' మాత్రం అందులో లేదు.

చివరికి ఇంట్లోనే మిషను పెట్టాను. మేడ మీద తొట్టి నుంచి దిగే నీళ్ళకి ఒత్తిడి చాలదు. 10 మీటర్ల ఎత్తుకి 14 పీఎస్ఐ వస్తుంది, మెంబ్రేనుకేమో 50 దాకా కావాలి. కాబట్టి బూస్టరు పంపు తప్పనిసరి. వేసవిలో ఇంకో చిక్కు. పైతొట్టి నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. గల్ఫులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మే నెలలో గీజరు ఆపేసి అందులోని నీళ్ళనే చన్నీళ్ళుగా వాడుకునే బతుకులు మనవి. మెంబ్రేను 45 డిగ్రీలు దాటితే పాడవుతుంది, అంతకు తక్కువైనా వేడి పెరిగేకొద్దీ ఉప్పు ఎక్కువ జారవిడుస్తుంది. అందుకే తెల్లవారుజామున పట్టుకుంటాను. ఆఖర్న డీఐ రెసిన్ గొట్టం మిగిలినది లాగేస్తుంది. అయితే మీటరు మీద ఖచ్చితంగా సున్నా కనిపించాలని పూజలు చెయ్యను. 3 వచ్చినా 4 వచ్చినా పోస్తాను. అంతకు మించితే రెసిన్ మారుస్తాను, ఎందుకంటే శక్తి అయిపోయిన రెసిన్ తను పట్టుకున్న సిలికాని ముందుగా వదిలేస్తుంది.

ఇంతా చెప్పి, 'చూశావా అమ్మా, ఇప్పుడు లెక్క సరిపోయింది' అన్నాను. "ఒక బిందె మంచినీళ్ళకి ఎన్ని బిందెలు పారబోస్తుందిరా నీ మిషను?" అంది.

మా అమ్మ ఉండేది కనిగిరి దగ్గర. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదటిసారి 1937లో గుర్తించింది ఆ ప్రాంతం ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పళ్ళ మీద మచ్చలూ, వంగని మోకాళ్ళూ చూస్తూ పెరిగాం. శుద్ధి నీళ్ళు అవసరమా అన్న ప్రశ్న మావైపు ఎవరూ సరదాకి అడగరు. 20 లీటర్ల టిన్ను కొనుక్కోవడం ఉప్పూ పప్పూ కొనుక్కోవడం లాంటిదే. నాలుగేళ్ళ కిందట వంటింట్లో ఆర్వో పెట్టించాను. పక్కనించి కారే నీళ్ళని ఆవిడ మొదటి రోజునుంచే బకెట్టులో పట్టి వసారా కడగడానికి వాడుతోంది. నేను పట్టించుకోలేదు. ఆవిడకి మాత్రం మిషను సంగతి నాకన్నా ముందే తెలుసు.

అడిగింది కదా, లెక్క వేశాను. ఆవిరికి వారానికి 21 లీటర్లు, నీళ్ళు మార్చడానికి 20. మొత్తం 41. నా మిషను లీటరుకి 3 లీటర్లు వదిలేస్తుంది. అంటే వారానికి 123 లీటర్లు మోరీలోకి. పట్టినవీ పారబోసినవీ కలిపితే ఏడాదికి 8500 లీటర్ల పైన. ఇదంతా ఎక్కడ? హుఫూఫ్ ఉన్న అల్ అహ్సాలో. 25 లక్షల ఖర్జూరపు చెట్లున్న ఒయాసిస్సు, 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఒకప్పుడు నీళ్ళు వాటంతటవే పొంగి వచ్చిన ఊటలు ఇక్కడున్నాయి. ఏడు పాయలుగా పారేది కాబట్టి ఒకదానికి ఉమ్ సబ్‌అ అని పేరు. తోడకం ఎక్కువై ఆ ఊటలు వాటంతటవి పొంగడం మానేశాయి. ఇప్పుడు తోటలకి మురుగు శుద్ధి చేసిన నీళ్ళు కూడా పెడుతున్నారు. కింద మిగిలింది వేల ఏళ్ళ కిందటి వాన. అందులోంచి మూడొంతులు పారబోసి, నాలుగో వంతు గాజుపెట్టెలో పోసి మురిసిపోతున్నానన్నమాట.

తొట్టి తీసేద్దామా అని నిజంగానే అనుకున్నాను. తియ్యలేదు. కారణం గొప్పదేం కాదు, ఇష్టం. కానీ కొన్ని మార్చాను. 200 లీటర్ల నుంచి 90కి దిగాను. పైన గాజు పలక పెట్టి ఆవిరి తగ్గించాను, నీళ్ళు వేడెక్కకుండా ఓ పక్క సందు వదిలాను. వదిలేసే నీళ్ళు మోరీలోకి పోవు, డ్రమ్ములో పడతాయి. మీటరు మీద 1450 దాకా ఉంటాయి, అయినా దొడ్లో పోసుకోడానికీ ఇల్లు తుడవడానికీ బంగారం లాంటి నీళ్ళు. మిగిలితే గుమ్మం ముందున్న ఖర్జూరపు చెట్టుకి పోస్తాను. ఉప్పుని బాగా ఓర్చుకునే చెట్టు అది.

కాబట్టి నా తీర్పు ఇది. మీ ఊరి నీళ్ళు సియాటిల్ నీళ్ళలాంటివైతే మిషను కొనకండి, దండగ. ఇక్కడి నీళ్ళలాంటివైతే శుద్ధి చెయ్యకుండా పగడాలు పెట్టకండి, అవి చచ్చిపోతాయి. శుద్ధి చేస్తే మాత్రం పక్క గొట్టంలోంచి పోయేది కూడా మీ తొట్టి నీళ్ళేనని లెక్కలో రాసుకోండి. దాన్నేం చెయ్యాలో తోచకపోతే మంచినీటి చేపలు పెంచుకోవచ్చు, అవీ ముచ్చటగానే ఉంటాయి. ఏదైనా సరే, చేప కొనేముందు మీటరు కొనండి.

మొన్న అమ్మకి వీడియోలో తొట్టి చూపించాను. పగడాల్ని ఓ నిముషం చూసింది. "బావున్నాయిరా. ఏదీ, ఆ డ్రమ్ము ఒకసారి చూపించు" అంది.