ఆరింట ఏడు వంతులు

మగ్రిబ్ నమాజు తరువాత మా వద్ద దీనీ పాఠాలు చదివే పిల్లలలో చాలామంది పగలు హైస్కూలుకు వెళ్లేవారే. వారిలో తొమ్మిదో తరగతి బాలుడొకడు ఒకనాడు లెక్కల పరీక్ష పేపరును పుస్తకంలో మడిచి దాచుకున్నాడు. నూటికి 11 మార్కులు. "లెక్కలు నాకు రావు హజ్రత్, బడి మానేసి అబ్బాతో దుకాణానికి పోతాను" అన్నాడు.

ఆ రాత్రి మా బోధనే మాకు గుర్తుకు వచ్చినది. ఫరాయిజ్‌ను, అనగా వారసత్వ పంపక శాస్త్రాన్ని, మేమూ ఏళ్ల తరబడి సూత్రం ముందు, లెక్క తరువాత అన్న వరుసలోనే నేర్పాము. పిల్లలు వల్లించారు, రాశారు, మరచిపోయారు.

మరునాడు సూత్రం చెప్పకుండా లెక్క మాత్రమే ఇచ్చాము. ఒక స్త్రీ మరణించినది. భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు తప్ప వేరే వారసులు లేరు. అప్పులు తీరగా మిగిలినది 42 వేల రూపాయలు. అన్నిసా సూరా ప్రకారం భర్తకు సగం, అక్కచెల్లెళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు. పంచండి అన్నాము.

ఆ బాలుడే ముందుగా తలెత్తాడు. "21, 28... మొత్తం 49 వేలవుతోంది. తప్పు చేశాను హజ్రత్" అంటూ చెరపబోయాడు. చెరపవద్దు బేటా అని ఊరుకున్నాము. చెప్పడం అలవాటైన మా వంటి వారికి ఊరుకోవడం ఎంత కష్టమో ఆనాడు తెలిసినది. భర్త వాటా ముందు ఇచ్చి, మిగిలినది అక్కచెల్లెళ్లకు ఇద్దామన్నాడు ఒకడు. ఇంట్లో ముగ్గురు అక్కలున్న మరొకడు ఒప్పుకోలేదు. తక్కువైన 7 వేలు అప్పు తెద్దామని ఇంకొకడు నవ్వించాడు.

ఇంట్లో పిల్లవాడు లెక్క మధ్యలో ఆగితే తల్లిదండ్రులు గైడులోని జవాబు అందిస్తారు. ఎక్కడ ఆగావని అడిగితే చాలు కదా!

మూడో సాయంత్రం ఆ బాలుడు పరుగున వచ్చాడు. లోటును అందరూ తమ వాటాను బట్టి భరించాలన్నాడు. సొమ్మును ఆరు భాగాలు చేస్తే భర్తకు 3, అక్కచెల్లెళ్లకు 4 కావాలి, అంటే 7. కాబట్టి మొదటే ఏడు భాగాలు చేయాలి. భర్తకు 18 వేలు, అక్కచెల్లెళ్లకు చెరి 12 వేలు.

అప్పుడు చెప్పాము: దీనిని ఔల్ అంటారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇటువంటి చిక్కే ఎదురైతే ఆయన సహాబాలను సంప్రదించి ఈ విధంగానే తీర్పు ఇచ్చారు. ఇబ్నె అబ్బాస్ (రజి) అభిప్రాయం మాత్రం వేరు. బాలుడు చాలాసేపు మాట్లాడలేదు. "అంత పెద్దలకు కూడా వెంటనే తెలియలేదా హజ్రత్?" అన్నాడు చివరకు.

తరువాతి పరీక్షలో 34 వచ్చాయి. ఒక్క మార్కుతో తప్పాడు. పేపరును ఈసారి దాచలేదు. పోయిన లెక్క ఒకటి మా ముందు పెట్టి, "జవాబు చెప్పకండి హజ్రత్, ఊరికే చూడండి" అన్నాడు.